ప్లమ్ వైన్ మీద తెల్లటి పొర: పారబోయాలా, ఆగాలా?

ప్రశ్న: మేం అమెరికాలో, ఆరెగాన్‌లో ఉంటాం. అద్దె ఇంటి పెరట్లో ఊదా రంగు ప్లమ్ చెట్టు ఉంది. సెప్టెంబరులో ఎంతమందికి పంచినా పండ్లు తరగకపోవడంతో 10 పౌండ్ల పండ్లతో రెండు గ్యాలన్ల వైన్ మొదలుపెట్టాను. గింజలు తీసి, నీళ్ళు, పంచదార కలిపి, ప్యాకెట్ ఈస్ట్ వేశాను. మొదటి రోజంతా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత గోధుమ రంగు నురుగు బకెట్ మూత దాకా పొంగింది. ఆరో రోజుకి కుళ్ళిన కోడిగుడ్డు వాసన. పదో రోజుకి నురుగు పోయింది, వడకట్టి ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత) ఉన్న గాజు జాడీలో పోశాను. జాడీ ముప్పాతిక వంతే నిండింది. అడుగున మూడు వేళ్ళ మందాన మడ్డి దిగింది. ఇప్పటికి మూడు వారాలు దాటాయి. ఇంకా మబ్బుగానే ఉంది, ఎప్పుడో ఒక బుడగ వస్తోంది. నిన్న చూస్తే పైన పిండి చల్లినట్టు తెల్లటి సన్నని పొర. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ "బూజు పట్టింది, పారబొయ్యి" అంది. ఇంట్లో చేసిన మందు తాగితే కళ్ళు పోతాయని మావారి భయం. దీపావళికి ఫ్రెండ్స్‌కి పోద్దామని నా ఆశ. ఇందులో ఈస్ట్ చేసిందేది, చెడిపోయిందేది?

జవాబు: పారబోయకండి, కనీసం ఈ వారం వద్దు. మీరు రాసినవాటిలో ఆ తెల్లటి పొర తప్ప అన్నీ ఈస్ట్ మామూలుగా చేసే పనులే. ఆ పొర కూడా, మీరు వర్ణించిన తీరును బట్టి, బూజు కాదనే అనిపిస్తోంది. అలాగని చూస్తూ కూర్చుంటే మాత్రం మీ అమ్మగారి మాటే నిజమవుతుంది.

మీ ఉత్తరంలో ఒకటి గమనించాను. నురుగు పొంగినప్పుడు మీకు టెన్షన్, నురుగు తగ్గాక ధీమా. ఇది తిరగబడి ఉండాలండి. ఈస్ట్ జోరు మీదున్న ఆ వారమే వైన్‌కి అన్నిటికంటే క్షేమమైన కాలం. పంచదారను తిని ఈస్ట్ రెండు పుట్టిస్తుంది: ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్. ఆ గ్యాస్ రసంలోంచి అదేపనిగా పైకి లేస్తూ గిన్నెలోని గాలిని బయటికి తరిమేస్తుంది. బూజుకీ, వైన్‌ని వెనిగర్ చేసే బ్యాక్టీరియాకీ గాలి లేనిదే బతుకు లేదు. కాబట్టి నురుగు ఉన్నంతకాలం కాపలా ఈస్ట్‌ది. అది ఆగిన రోజు నుంచి కాపలా మీది. మీరేమో సరిగ్గా ఆ రోజే నాలుగో వంతు ఖాళీ ఉన్న జాడీలోకి మార్చారు.

ఇంట్లో వైన్ చేసేవాళ్ళు గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఇదొక్కటే. ఈస్ట్ పని చూడటానికి అసహ్యంగా ఉంటుంది, హడావిడిగా ఉంటుంది, రసం లోపలంతా జరుగుతుంది. చెడు మాత్రం చాలావరకు గాలి తగిలే పైభాగంలో, అంతా సద్దుమణిగాక, చప్పుడు చేయకుండా మొదలవుతుంది. ఆవకాయ జాడీలో ముక్క మునిగేలా నూనె తేలాలని మీ అమ్మగారు పట్టుబడతారే, కారణం అక్కడా ఇక్కడా ఒకటే.

మొదటి రోజు ఏమీ జరగకపోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎండు ఈస్ట్ మేలుకుని తన సంఖ్య పెంచుకోవడానికి 12 నుంచి 48 గంటలు పడుతుంది. మూడు రోజులైనా కదలిక లేకపోతే అప్పుడు అనుమానించాలి: రసం మరీ చల్లగా ఉందా, మరీ వేడి నీళ్ళలో ఈస్ట్ వేశామా, క్యాంప్డెన్ బిళ్ళ (సూక్ష్మజీవుల్ని అణిచే సల్ఫైట్ బిళ్ళ) వేసి 24 గంటలు ఆగకుండానే ఈస్ట్ కలిపామా అని.

నురుగు రంగు చూసి జడుసుకోవద్దు. అందులో ఈస్ట్, పండు గుజ్జు, ప్రొటీన్ అన్నీ కలిసి ఉంటాయి. ప్లమ్‌తో చేస్తే బురద నీళ్ళ రంగులో ఉండటమే మామూలు. చూడాల్సింది నురుగును కాదు, దాని కింద తేలే తొక్కల్ని. గ్యాస్ వాటిని పైకి లేపి గట్టి గడ్డలా కూరుస్తుంది. ఆ గడ్డ పైభాగం ఆరిపోయిందంటే బూజుకి, వెనిగర్ బ్యాక్టీరియాకి ఆసనం వేసినట్టే. అందుకే రోజుకి రెండుసార్లు శుభ్రమైన గరిటెతో తొక్కల్ని రసంలోకి ముంచాలి. మీరు ముంచారో లేదో రాయలేదు. వచ్చే ఏడు మాత్రం మానకండి.

కుళ్ళిన గుడ్డు వాసన దగ్గరే చాలామంది బకెట్ ఎత్తి సింక్‌లో పోసేస్తారు. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఏదో సూక్ష్మజీవి దూరి చేసిన పని కాదు, మీరు వేసిన ఈస్టే ఇబ్బంది పడి వదిలింది. ఈస్ట్‌కి పంచదార ఒక్కటీ సరిపోదు, నైట్రోజన్ కూడా కావాలి. నీళ్ళు, పంచదార కలిపి పలచబరిచిన పండ్ల రసంలో అది తక్కువ. అందుకే వైన్ సామాన్లు అమ్మే చోట 'ఈస్ట్ న్యూట్రియంట్' అని పొడి ఇస్తారు. ఈస్ట్ వేసిన మర్నాడు, రెండోనాడు అది పడితే ఈ వాసన సాధారణంగా రాదు. ఇప్పుడు న్యూట్రియంట్ వేసే వేళ దాటిపోయింది, వేయొద్దు. ఈస్ట్ తినని న్యూట్రియంట్ తర్వాత వచ్చే బ్యాక్టీరియాకి విందవుతుంది. మడ్డి మీంచి వేరే జాడీలోకి మార్చినప్పుడు ఆ వాసన చాలావరకు ఎగిరిపోతుంది.

అనుమానం తీరాలంటే చిన్న పరీక్ష ఉంది. ఒక గ్లాసులో కొంచెం వైన్ తీసి, శుభ్రంగా తోమిన రాగి తీగ ముక్క వేసి తిప్పండి. కాసేపటికి గుడ్డు వాసన పోతే అది హైడ్రోజన్ సల్ఫైడే. ఆ గ్లాసుడు మాత్రం పారబోయండి. రాగి మంచిదే కదా అని వైన్ మొత్తాన్నీ రాగి బిందెలో పోసేరు! చింతపండు పులుసు కాచే ఇత్తడి గిన్నెకి కళాయి ఎందుకు వేయించేవారో గుర్తుందిగా. పులుపు రాగిని కరిగిస్తుంది, ఆ రాగి ఒంటికి మంచిది కాదు.

అడుగున దిగినది చాలావరకు పని ముగించిన ఈస్ట్, పండు గుజ్జు. లేత గోధుమ రంగులో, చిక్కగా ఉంటే అదే. చెడు గుర్తు కాదు గానీ వారాల తరబడి దాని మీదే వైన్‌ని ఉంచకూడదు. చచ్చిన ఈస్ట్ విచ్చిపోతూ రబ్బరు వాసన, మాంసపు వాసన వదులుతుంది. మీ మూడు వారాలకి ప్రమాదమేమీ లేదు, కానీ మార్చే వేళయింది.

మబ్బుగా ఉండటం ప్లమ్‌కి పుట్టుకతో వచ్చిన గుణం. ఈ పండులో పెక్టిన్ ఎక్కువ, జామ్ గడ్డకట్టేది దానివల్లే. మొదట్లో పెక్టిన్‌ని విడగొట్టే పెక్టిక్ ఎంజైమ్ వేసి ఉంటే ఈపాటికి కొంత తేరేది. ఇది పెక్టిన్ మబ్బో, బ్యాక్టీరియా మబ్బో తేల్చుకోవాలంటే ఒక చెంచా వైన్‌లో నాలుగు చెంచాల రబ్బింగ్ ఆల్కహాల్ (మందుల షాపులో దొరికేది, తాగేది కాదు) పోసి ఆగండి. జెల్లీ ముక్కల్లా, దారాల్లా ఏర్పడితే పెక్టిన్. ఆ గ్లాసుని వెంటనే సింక్‌లో పోయండి, పొరపాటున ఎవరూ నోట పెట్టుకోకుండా.

ఇక ఆ తెల్లపొర.

దాన్ని కదిలించకుండా, పక్కనుంచి టార్చి వేసి చూడండి. పొడిబారినట్టు, పిండి రాలినట్టు, ముదిరితే ముడతలు పడ్డట్టు ఉండి, జాడీని కాస్త వంచితే రేకులుగా విడిపోతే అది పొరకట్టే ఈస్ట్. పాత పేరు 'వైన్ పూలు'. మీరు వేసిన ఈస్ట్‌కి దూరపు చుట్టాలు ఇవి. పండు తొక్క మీద, గాలిలో, గరిటె మీద ఎక్కడైనా ఉంటాయి. గాలి తగులుతూ, ఆల్కహాల్ మరీ ఎక్కువ లేని చోట పైన పరుచుకుంటాయి. విషం కాదు, కానీ ఊరుకోవు. పైనున్న ఆల్కహాల్‌ని తింటూ పోతాయి, వైన్ చప్పబడుతుంది, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తుంది. వాటి వెనకే వెనిగర్ బ్యాక్టీరియా దిగుతుంది.

బూజు వేరు. దానికి నూగు ఉంటుంది, దూదిలా పైకి లేచి ఉంటుంది. గుండ్రటి మచ్చలుగా మొదలై ఆకుపచ్చ, నీలం, నలుపు రంగులు తిరుగుతుంది. తెల్లగా ఉన్నా సరే, నూగు ఉంటే అది బూజే. అలాంటిదైతే నా సలహా మారిపోతుంది, మొత్తం పారబోయండి. పైన గీకి కింద ఉన్నది వాడుకోవచ్చని కొందరు అంటారు, నేను అనను. కొన్ని బూజులు వదిలే విషాలు రసంలోకి దిగుతాయి, పైపొర తీసేసినంత మాత్రాన అవి పోవు. పెరటి పండ్ల కోసం ఆ రిస్క్ ఎందుకు? బకెట్ ప్లాస్టిక్‌ది, గీతలు పడినది అయితే దాన్నీ వదిలించుకోండి, గీతల్లో దాక్కున్నవాటిని ఎంత కడిగినా నమ్మలేం.

మూడో రకం పొర ఇంకొకటి. నున్నగా, జారుడుగా, వేలితో ఎత్తితే మీగడలా ముద్దగా లేచే పొర. అది వెనిగర్ బ్యాక్టీరియా కట్టే పొర, పేరు 'వెనిగర్ తల్లి'. దీనికి చూపు కంటే ముక్కే ముందు చెబుతుంది. ఎయిర్‌లాక్ తీసి వాసన చూడండి. వెనిగర్ ఘాటు గానీ, గోళ్ళ రంగు తుడిచే రిమూవర్ వాసన గానీ ముక్కులోకి కొడితే ఆ పని మొదలైంది. పులిసే తొలి రోజుల్లో రిమూవర్ వాసన లీలగా వచ్చి పోవచ్చు, పండు మీది అడవి ఈస్ట్‌లు చేసే పని అది. మూడు వారాల తర్వాత, రోజురోజుకీ పెరుగుతూ ఉంటే మాత్రం వెనక్కి తిప్పే మందు లేదు. వైన్ రుచి మీద ఆశ వదులుకుని దాన్ని వెనిగర్‌గానే పూర్తి కానివ్వండి, కాకపోతే వేరే గదిలో. ఒక్క పండు ఈగ చాలు, ఈ జాడీ నుంచి ఆ జాడీకి ఆ బ్యాక్టీరియాని మోసుకెళ్తుంది. మూత తీసినప్పుడల్లా ఈగల్ని తోలేది చిరాకుకి మాత్రమే కాదన్నమాట.

పోస్తే నూనెలా తీగ సాగే వైన్, మింగిన కాసేపటికి నోట్లో ఎలుకల బోను వాసన వచ్చే వైన్ కూడా ఉంటాయి. ఇవి లాక్టిక్ బ్యాక్టీరియా తరఫు, మొదటి జాడీలో అరుదు. రెండోదానికి వైద్యం లేదు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఈ ప్రశ్న మీకు ముందే ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్‌కి వచ్చింది. 1856లో ఫ్రాన్స్‌లోని లీల్ పట్టణంలో బీట్‌రూట్ నుంచి ఆల్కహాల్ తీసే బిగో అనే వ్యాపారి, తన తొట్లలో కొన్ని ఎందుకు చెడిపోతున్నాయో చూడమని ఆయన్ని అడిగాడు. మైక్రోస్కోపు కింద మంచి తొట్టి రసంలో గుండ్రటి ఈస్ట్ కణాలు కనిపించాయి. చెడిన తొట్టి రసంలో వాటికంటే చాలా చిన్న కడ్డీల్లాంటి జీవులు. ఈస్ట్ పని ఒకటి, ఆ కడ్డీల పని ఒకటి అని ఆయన పట్టుకున్నది అక్కడే. మన ఇళ్ళలో మైక్రోస్కోపు ఉండదు గానీ ముక్కు, టార్చి, రసం సాంద్రత కొలిచే ఓ హైడ్రోమీటర్ ఉంటే తొంభై పాళ్ళు పని జరుగుతుంది.

హైడ్రోమీటర్ కొనలేదనుకుంటాను, ఉత్తరంలో దాని ఊసు లేదు. కొనండి, ఖరీదు ఎక్కువ కాదు. ఎయిర్‌లాక్‌లో బుడగ చూసి ఏదీ తేల్చకూడదు. గది కాస్త వేడెక్కినా, వాతావరణ పీడనం తగ్గినా వైన్‌లో కరిగి ఉన్న గ్యాస్ బుడగగా వస్తుంది. హైడ్రోమీటర్ 1.000 (మామూలు నీళ్ళకి చూపే అంకె) కంటే కిందికి, 0.990, 0.995 దగ్గరికి వచ్చి, మూడు రోజులు వరుసగా అదే అంకె చూపితే పులియడం ముగిసినట్టు. 1.020 దగ్గరే ఆగిపోతే ఈస్ట్ మధ్యలో అలిసిపోయింది, తీపి మిగిలే ఉంది. తీపి ఉండగా సీసాలో బిగిస్తే ఈస్ట్ మళ్ళీ లేస్తుంది, సీసా పగులుతుంది. ఇంటి వైన్‌లో నిజంగా మనిషికి దెబ్బ తగిలించేది పగిలిన గాజే.

ఇప్పుడు చేయాల్సిన పని. పొర బూజు కాదని తేల్చుకున్నాక, వాసన వెనిగర్ కాకపోతే ఒక చెంచా రుచి చూడండి. పచ్చిగా, పుల్లగా, ఈస్ట్ వాసనతో ఉంటుంది, అది సరే. ఒక గ్యాలన్ సీసా, ఒక అర గ్యాలన్ సీసా తెచ్చి శానిటైజ్ చేయండి. మీ దగ్గర ఉన్నది గ్యాలన్నరకి అటూ ఇటూ ఉంటుంది, వాటిలో మెడ దాకా పడుతుంది. జాడీని కుదపకుండా బల్ల మీద పెట్టి, సైఫన్ గొట్టం మూతిని పొరకి కిందుగా, మడ్డికి పైగా ఉంచి మధ్యలో వైన్ మాత్రమే లాగండి. గుడ్డు వాసన మొండిగా ఉంటే గొట్టం చివరను సీసా గోడకి ఆనించి జారనివ్వండి, కొంచెం గాలి తగిలి వాసన పోతుంది. లేకపోతే అడుగు నుంచే నిదానంగా నింపండి. చివర్లో పొర కిందికి దిగుతూ గొట్టానికి చేరేలోపు ఆపేయండి. ఆ మిగిలిన గ్లాసుడు కోసం ఆశపడొద్దు, పొర మొత్తం కొత్త సీసాలోకి వచ్చేది ఆ గ్లాసుతోనే.

గ్యాలన్‌కి ఒక క్యాంప్డెన్ బిళ్ళ పొడి చేసి కలపండి. పులియడం ముగిసిందని హైడ్రోమీటర్ చెప్పాకే సుమా. సీసా మెడ దగ్గర వేలెడు ఖాళీ కంటే ఎక్కువ ఉండకూడదు. తక్కువైతే కొట్లో దొరికే అలాంటి రుచి వైన్‌తో నింపండి, నీళ్ళు పోస్తే ఆల్కహాల్ తగ్గి మళ్ళీ పొరకి దారి ఇస్తుంది. గాజు గోలీలు మరగబెట్టి చల్లార్చి వేసి మట్టం పెంచడం కూడా పాత పద్ధతే. వారం తర్వాత మళ్ళీ టార్చి వేసి చూడండి. పలచని రేకులు కొన్ని కనిపిస్తే సీసాని నిండా పోసి పొర్లనివ్వండి, అవి పైనుంచి జారిపోతాయి. మెడని సల్ఫైట్ నీళ్ళలో తడిపిన గుడ్డతో తుడవండి.

మీవారి భయం గురించి. ఏ పండు పులిసినా పెక్టిన్ విడిపోయి కొద్దిగా మిథనాల్ పుడుతుంది. పులియబెట్టి వడకట్టిన వైన్‌లో అది కళ్ళు పోయేంత ఉండదు. కళ్ళు పోయిన వార్తల వెనక ఉండేది పరిశ్రమల మిథనాల్ కలిపిన కల్తీ సారా. పొయ్యి మీద కాచి ఆవిరి పట్టే జోలికి మీరు పోనంతవరకు ఆ భయం అక్కర్లేదు, అమెరికాలో ఇంటి వైన్‌కి ఉన్న మినహాయింపు కాచిన సారాకి వర్తించదు కూడా. వైన్ అయితే అక్కడి ఫెడరల్ చట్టం సొంత వాడకానికి ఏడాదికి ఒక్క వయోజనుడున్న ఇంట్లో 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200 గ్యాలన్ల దాకా ఒప్పుకుంటుంది. అమ్మకూడదు. ఇది చదివి ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎవరైనా జాడీ దించబోతుంటే ఆగండి, అక్కడ ఎక్సైజ్ చట్టం లైసెన్సు లేని తయారీని నేరంగా చూస్తుంది.

దీపావళి సంగతి కష్టమే. చెడిపోకపోయినా ప్లమ్ వైన్ ఆరు నెలల ముందు గొంతు దిగడానికి మొరాయిస్తుంది, ఏడాది ఆగితే మనసు పెట్టి తాగొచ్చు. ఉగాదికి ఒక సీసా విప్పి చూడండి, మిగతాది వచ్చే దీపావళికి ఉంచండి. పోసే ముందు ఆస్తమా ఉన్నవాళ్ళని అడగండి, క్యాంప్డెన్ బిళ్ళలోని సల్ఫైట్ కొందరికి పడదు. ఈలోపు ఆ టార్చి వెలుగులో ఏం కనిపించిందో, హైడ్రోమీటర్ అంకె ఎంతుందో రాయండి. నూగు ఉందంటే మాత్రం నా జవాబు కోసం ఆగక్కర్లేదు.